నగరం పొగ లెక్కలో మన బస్తీ ఎక్కడ? ముంబయి క్లైమేట్ ప్లాన్ చెబుతున్న పాఠం

నగరం ఎంత కార్బన్ వదులుతోందో లెక్క రాసుకుని, దాన్ని తగ్గించుకోవడానికి గడువులు పెట్టుకోవడం మన దేశంలో ఇంకా కొత్త పనే. ఈ దారిలో ముందు నడిచిన నగరాల్లో ముంబయి ఒకటి. 2022 మార్చిలో ముంబయి మున్సిపల్ కార్పొరేషన్ (బీఎంసీ) తన క్లైమేట్ యాక్షన్ ప్లాన్ విడుదల చేసింది. 2050కల్లా నెట్ జీరో చేరతామని ప్రకటించింది. అంటే వదిలే కార్బన్‌ను వీలైనంత తగ్గించి, మిగిలినదాన్ని చెట్లు లాంటివి పీల్చుకునేలా చేసి, ఖాతా సున్నాకు తేవడం. దేశం మొత్తానికి కేంద్రం పెట్టుకున్న గడువు 2070. ముంబయి 20 ఏళ్లు ముందే చేరతానంటోంది.

మాట పెద్దదే. అయితే డియోనార్ చెత్త గుట్ట పక్కన, గోవండిలో రేకుల ఇంట్లో ఉండే కుటుంబానికి దీనివల్ల ఏం మారుతుంది? రేపు మన నగరాలూ ఇలాంటి ప్లాన్లు వేసుకోవాల్సిందే కాబట్టి, ఈ ప్రశ్న మనకూ అవసరమే.

లెక్క ఎలా కడతారు?

ప్రతి పొగగొట్టం దగ్గరా మీటర్ పెట్టి కొలవరు. ఎన్ని యూనిట్ల కరెంటు వాడారు, ఎంత పెట్రోల్, డీజిల్, గ్యాస్ కాలింది, ఎన్ని టన్నుల చెత్త వచ్చింది అని చూస్తారు. ఒక్కోదానికి ఇంత కార్బన్ అని రేటు కట్టి కూడతారు. చెత్త కుళ్లితే వచ్చే మీథేన్‌నూ కార్బన్ డయాక్సైడ్ లెక్కలోకి మారుస్తారు. నగరాలన్నీ ఒకే పద్ధతిలో రాసుకునేలా 2014లో ఒక అంతర్జాతీయ విధానం కూడా వచ్చింది.

ముంబయి 2019ని బేస్ ఇయర్‌గా తీసుకుంది. ఆ ఏడాది నగరం వదిలింది సుమారు 2.34 కోట్ల టన్నులు. తలకు 1.8 టన్నులు. ఇందులో 72 శాతం ఇళ్లు, ఆఫీసులు, దుకాణాలు, పరిశ్రమలు వాడే కరెంటు, ఇంధనాలది. 20 శాతం రవాణాది, 8 శాతం చెత్తది. కరెంటును ఎక్కడ వాడితే అక్కడి ఖాతాలో రాస్తారు. బొగ్గు ఎక్కడో కాలినా, మాల్‌లో ఏసీ నడిచేది ముంబయిలో కాబట్టి ఆ బరువు ముంబయిదే. ఇది న్యాయమైన పద్ధతే.

గడువులను విడగొట్టి చూస్తే

2019తో పోలిస్తే 2030కి 30 శాతం, 2040కి 44 శాతం తగ్గించాలి, 2050కి సున్నా. కామర్స్ చదివినవాళ్లకు ఈ మూడు అంకెల్లో ఒక విషయం వెంటనే కళ్లకు కడుతుంది. 2030 నుంచి 2040 వరకు పదేళ్లలో తగ్గాల్సింది 14 శాతమే. చివరి పదేళ్లలో మాత్రం 56 శాతం తగ్గాలి. అప్పులో పెద్ద భాగం ఆఖరి వాయిదాకు నెట్టినట్టు ఉంది. అప్పటికి బొగ్గు కరెంటు పోయి సోలార్, గాలి కరెంటు వస్తుందన్న ఆశ మీదే ఇది నిలబడాలి. ఆ నిర్ణయాలు చాలావరకు బీఎంసీ చేతిలో లేవు. రాష్ట్రం, కేంద్రం, కరెంటు కంపెనీల చేతిలో ఉన్నాయి.

రూ.10,224 కోట్లు దేనికి?

ప్లాన్ కాగితం మీదే ఉండిపోకుండా నార్వే రాజధాని ఓస్లో 'క్లైమేట్ బడ్జెట్' పద్ధతి మొదలుపెట్టింది. ఏ పనికి ఎంత డబ్బు, దానివల్ల ఎంత కార్బన్ తగ్గుతుంది అని మామూలు బడ్జెట్‌తోపాటే చూపించాలి. ముంబయి 2024లో తన మొదటి క్లైమేట్ బడ్జెట్ నివేదిక ఇచ్చింది. 2024-25 క్యాపిటల్ ఖర్చులో సుమారు 32 శాతం, అంటే రూ.10,224 కోట్లు వాతావరణ పనులకేనని చెప్పింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. ప్లాన్‌లో ఆరు విభాగాలున్నాయి. కరెంటు-భవనాలు, రవాణా, చెత్త, పచ్చదనం, గాలి నాణ్యత, వరద-నీటి నిర్వహణ. వరద నీరు పోయే ఏర్పాట్లకు పెట్టే డబ్బు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఆ పనులు అవసరం, కాదనలేం. కానీ వానను తట్టుకోవడానికి పెట్టే ఖర్చు వేరు, పొగ తగ్గించడానికి పెట్టే ఖర్చు వేరు. రెండూ కలిపి ఒకే అంకె చెబితే, నగరం కార్బన్ మీద రూ.10 వేల కోట్లు పెడుతోందని జనం పొరబడతారు.

మొత్తంలో కలిసిపోయే వార్డు

నగరం ఖాతాలో చెత్త వాటా 8 శాతమే. కానీ గోవండి, శివాజీ నగర్ వాసులకు రోజూ ఎదురయ్యేది ఆ 8 శాతమే. డియోనార్‌లో 1927 నుంచి చెత్త పోస్తున్నారు. 2016 జనవరిలో అక్కడ మంటలు లేచి రోజుల తరబడి పొగ కమ్మేస్తే స్కూళ్లు మూయాల్సి వచ్చింది. ముస్లింలు పెద్ద సంఖ్యలో ఉండే ఈ ఎం-ఈస్ట్ వార్డు 2009 ముంబయి మానవాభివృద్ధి నివేదికలో అట్టడుగున నిలిచింది.

ఒక ఫ్యాన్, రెండు బల్బులతో గడిపే ఇంటికీ, గదికో ఏసీ ఉన్న ఫ్లాట్‌కూ కాగితం మీద తలకు 1.8 టన్నులే. సగటు లెక్కతో వచ్చే చిక్కు ఇదే. పొగ తక్కువ వదిలేవాళ్లే ఎండనూ చెత్త పొగనూ ఎక్కువ భరిస్తున్నారు.

పైగా అడగడానికి మనిషి కూడా లేకపోయాడు. 2022 మార్చి మొదట్లోనే కార్పొరేటర్ల పదవీకాలం ముగిసింది. ప్లాన్ విడుదలైనప్పుడూ, 2024లో క్లైమేట్ బడ్జెట్ వచ్చినప్పుడూ బీఎంసీని నడిపింది అడ్మినిస్ట్రేటరే. అప్పట్లో హిసాబ్ రాసేవాడు ఉన్నాడు కానీ, ప్రజల తరఫున ఆ హిసాబ్ అడిగేవాడు లేకపోయాడు.

మనం అడగాల్సింది

తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. ఎండను వెనక్కి తిప్పే తెల్లని పూత లాంటివి పైకప్పులకు వేయించడం దీని ఉద్దేశం. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్లు, అందులో 200 హైదరాబాద్‌లోనే అన్నది లక్ష్యం. పాతబస్తీ రేకుల ఇళ్లకు దీనంత పనికొచ్చేది అరుదు. అయితే ఎంత విస్తీర్ణం అని మాత్రమే లెక్కపెడితే పెద్ద ఆఫీసుల పైకప్పులతోనే లక్ష్యం నిండిపోవచ్చు. అందుకే ఎవరి కప్పులు అని కూడా అడగాలి.

సోలార్ సంగతీ అంతే. పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78 వేల సబ్సిడీ ఉంది. సొంత ఇల్లు, సొంత డాబా ఉన్నవాళ్లు తప్పక చూడాలి. కానీ మనలో చాలామంది కిరాయి ఇళ్లలో ఉన్నారు. వాళ్లకు దారేదో ప్లాన్‌లోనే ఉండాలి.

హైదరాబాద్ అయినా, విజయవాడ, కర్నూలు అయినా, క్లైమేట్ ప్లాన్ పేరు వినిపించినప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. లెక్కలు వార్డులవారీగా ఇస్తారా? పొగ తగ్గించే ఖర్చు, వరద-ఎండ తట్టుకునే ఖర్చు విడివిడిగా చూపిస్తారా? ఏటా ఆ లెక్కను తెలుగులో, ఉర్దూలో జనం ముందు పెడతారా?

ప్రజల డబ్బు అమానత్ అని మనం నమ్ముతాం. అమానత్‌కు హిసాబ్ అడగడం మన హక్కు. బస్తీ కమిటీలు, మస్జిద్ కమిటీలు నల్లా నీళ్లు, డ్రైనేజీ గురించి ఇచ్చే అర్జీల్లో ఇకనుంచి ఈ మూడు ప్రశ్నలూ చేర్చాలి.