ఊరి రోడ్డు మీద వేగం తగ్గించమంటే కోపమెందుకు?

హోసూరు చుట్టుపక్కల పల్లెలు కావచ్చు, కోలారు నుంచి శ్రీనివాసపురం పోయే దారి కావచ్చు, సింధనూరు క్యాంపుల మధ్య కాలువగట్టు రోడ్లు కావచ్చు, ఒడిశాలో రాయగడ, గుణుపురం వైపు కావచ్చు. ఊరి రోడ్డు మీద వేగ పరిమితి తగ్గిస్తూ కొత్త బోర్డు పాతితే మనవాళ్ల నోట వచ్చే మాట ఒకటే: "రోడ్డు బాగు చేయడం చేతకాదు గానీ, మమ్మల్ని మెల్లగా పొమ్మంటారు."

ఈ కోపాన్ని చట్టమంటే లెక్కలేనితనం అని తోసేయలేం. అలాగని వేగం తగ్గించడమే తప్పనీ అనలేం. ఈ రెండింటినీ విడదీసి చూడాలి.

ముందు లెక్కలు చూద్దాం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. చనిపోయిన ప్రతి పది మందిలో దాదాపు ఏడుగురు గ్రామీణ ప్రాంతాల్లోనే పోయారు. ప్రమాదాల సంఖ్యలో తమిళనాడుది మొదటి స్థానం. మరణాల్లో ఉత్తరప్రదేశ్ తర్వాత తమిళనాడు, ఆ తర్వాత మహారాష్ట్ర. మొదటి అయిదింటిలో కర్ణాటక కూడా ఉంది. అంటే మనం తరాలుగా స్థిరపడిన మూడు రాష్ట్రాలు ఈ జాబితాలో పైన ఉన్నాయి. చనిపోయినవారిలో 44 శాతానికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు, మరో 19 శాతానికి పైగా నడిచి వెళ్తున్నవారు. పొలానికి టీవీఎస్ మీద పోయే రైతు, బస్సు దిగి రోడ్డు దాటే ముసలమ్మ, సైకిల్ మీద బడికి వెళ్లే పిల్ల – ఈ అంకెల వెనక ఉన్నది ఇలాంటివాళ్లే.

అదే నివేదిక నూటికి 70కి పైగా మరణాలకు అతివేగాన్ని కారణంగా చూపింది. ఈ అంకెను కొంచెం జాగ్రత్తగా చదవాలి. ప్రమాదం జరిగాక పోలీసులు కాగితం మీద రాసే కారణాల్లో అతివేగం అన్నింటికంటే తేలికైనది. మలుపులో చెట్టుకొమ్మ అడ్డం ఉందని, కల్వర్టుకు గోడ లేదని, రాత్రిపూట దీపం లేదని రాసేవారు తక్కువ. అయినా దెబ్బ ఎంత బలంగా తగులుతుందో తేల్చేది మాత్రం వేగమే. బండి 70 కిలోమీటర్ల వేగం నుంచి 50కి దిగితే ఢీకొన్నప్పటి శక్తి దాదాపు సగానికి పడిపోతుంది. సగటు వేగం 5 శాతం తగ్గితే ప్రాణాలు తీసే ప్రమాదాలు 30 శాతం వరకు తగ్గవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

మరి పోగొట్టుకునే సమయం ఎంత? ఊరి నుంచి తాలూకా కేంద్రం 15 కిలోమీటర్లు అనుకుందాం. దారి పొడవునా 70లో పోతే 13 నిమిషాలు, 50లో పోతే 18 నిమిషాలు. అయిదు నిమిషాల తేడా. టమాటా బుట్టలతో తెల్లవారకముందే కోలారు మండీకి చేరాల్సిన బండికి రోజూ అయిదు నిమిషాలు చిన్న విషయం కాదు. కానీ పరిమితిని దారంతా కాకుండా ఊళ్లను ఆనుకుని ఉన్న రెండు కిలోమీటర్లకే పెడితే తేడా 41 సెకన్లు. చర్చ జరగాల్సింది ఇక్కడే. వేగం తగ్గించాలా వద్దా అన్నది కాదు, ఎక్కడ తగ్గించాలి, ఎవరిని అడిగి తగ్గించాలి అన్నదే అసలు ప్రశ్న.

చట్టం ఏమంటోంది? 2018 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో రహదారులు, పట్టణాలు కాని "ఇతర రోడ్ల" మీద కార్లకు 70, ద్విచక్ర వాహనాలకు 60 కిలోమీటర్లు గరిష్ఠంగా పెట్టారు. అదే నోటిఫికేషన్ ఎక్స్‌ప్రెస్‌వేల మీద కార్ల వేగాన్ని 120కి పెంచింది. 2021లో మద్రాసు హైకోర్టు ఆ నోటిఫికేషన్‌ను కొట్టేసింది. కాంచీపురం దగ్గర 2013లో జరిగిన ప్రమాదంలో తీవ్ర వైకల్యం పాలైన ఒక దంతవైద్యురాలి పరిహారం కేసులో వచ్చిన తీర్పు అది. పెంచినప్పుడు ఊరివాళ్లను ఎవరూ అడగలేదు. తగ్గించినప్పుడూ అడగడం లేదు.

ఒక ప్రత్యేక రోడ్డు మీద పరిమితి తగ్గించే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి ఇస్తోంది. దానికి రెండు షరతులున్నాయి. గెజిట్‌లో నోటిఫికేషన్ రావాలి, తగిన చోట్ల బోర్డులు పెట్టాలి. నెల రోజులకు మించని తాత్కాలిక ఆంక్షకు మాత్రమే నోటిఫికేషన్ అక్కర్లేదు. జరిమానా 183వ సెక్షన్ కింద పడుతుంది. 2019 సవరణ తర్వాత తేలికపాటి వాహనాలకు అది 1,000 నుంచి 2,000 రూపాయలు, భారీ వాహనాలకు 2,000 నుంచి 4,000. వేగాన్ని కొలిచే పరికరం ఆధారం లేకుండా ఒక్క సాక్షి "వేగంగా పోయాడనిపించింది" అంటే శిక్ష వేయకూడదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కెమెరాలతో నిఘా ఉన్న చోట ఆ సంగతి తెలిపే హెచ్చరిక బోర్డు ఉండాలని, తప్పు జరిగిన 15 రోజుల్లో నోటీసు పంపాలని 2021లో చేర్చిన 167ఎ నిబంధన పెట్టింది.

జనం కోపం ఎక్కువగా ఈ షరతుల దగ్గరే పుడుతోంది. బోర్డు చెట్టు వెనక దాగి ఉంటుంది. 40 అని మొదలైన బోర్డు ఉంటుంది, అది ఎక్కడ ముగిసిందో చెప్పే బోర్డు ఉండదు. నిన్నటిదాకా ఒక పరిమితి, నేడు ఇంకొకటి. రాష్ట్ర సరిహద్దు దాటగానే మరో తీరు. అంకెలు అందరికీ అర్థమవుతాయి. వాటి కింద రాసిన షరతులు మాత్రం తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో ఉంటాయి. మన పిల్లలు ఆ భాషలు చదువుకున్నారు, ఇంట్లో పెద్దలందరికీ రావు. చలానా సెల్‌ఫోన్‌కు ఇంగ్లీషులో వస్తే దాన్ని ఎక్కడ కాదనాలో తెలియక కట్టేసేవాళ్లే ఎక్కువ.

ఈ గొడవ మనకొక్కరికే వచ్చింది కాదు. యానాం పాఠకులకు ఫ్రాన్స్ మరీ పరాయి దేశం కాదు. అక్కడ 2018 జూలై 1 నుంచి మధ్యలో డివైడర్ లేని రెండు వరుసల గ్రామీణ రోడ్ల మీద పరిమితిని 90 నుంచి 80కి దించారు. ప్రధాని ఎడువార్ ఫిలిప్ దేశమంతటికీ ఒకే నిర్ణయం చేశారు. సొంత బండి లేనిదే గడవని పల్లెల జనానికి ఇది రాజధాని నుంచి వచ్చిన హుకుంలా తోచింది. అదే ఏడాది నవంబరులో ఇంధన పన్ను మీద మొదలైన పసుపు చొక్కాల ఉద్యమంలో ఈ కోపమూ కలిసింది. వేగ నిఘా కెమెరాల్లో సగానికి పైగా ధ్వంసమయ్యాయి. చివరకు 2019 డిసెంబరులో తెచ్చిన చట్టంతో జిల్లాలు తమ రోడ్ల మీద మళ్లీ 90 పెట్టుకునే వీలు ఇచ్చారు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకొకటుంది. 2020లో వచ్చిన అధికారిక అంచనా ప్రకారం ఆ తగ్గింపు 20 నెలల్లో 349 ప్రాణాలు కాపాడింది. ప్రయాణంలో పోయిన సమయం సగటున కిలోమీటరుకు ఒక సెకను. నిర్ణయం ప్రాణాలు నిలిపింది, అయినా జనం దాన్ని తమదనుకోలేదు. ఐర్లండ్ కూడా 2025 ఫిబ్రవరి 7 నుంచి గ్రామీణ స్థానిక రోడ్ల మీద పరిమితిని 80 నుంచి 60కి తగ్గించింది. అన్ని రోడ్లనూ ఒకే గాట కట్టడం అక్కడా చర్చకు వచ్చింది.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఊరి మధ్య నుంచి, బడి ముందు నుంచి, సంత దగ్గర నుంచి పోయే రోడ్డు మీద వేగం తగ్గాల్సిందే. అక్కడ 41 సెకన్ల కోసం వాదించడం మనకు తగదు, ఆ రోడ్డు దాటేది మన ఇంటివాళ్లే. అయితే బోర్డు ఒక్కటి పాతి చేతులు దులుపుకోవడానికి మనం ఒప్పుకోకూడదు. ఊరికి ముందు రంబుల్ పట్టీలు, తెల్లరంగు వేసిన స్పీడ్ బ్రేకర్లు, నడిచేవారికి దారి, వీధిదీపాలు వస్తే డ్రైవరు తనంతట తానే మెల్లగా పోతాడు. ఇవేవీ లేని నున్నటి తిన్నటి రోడ్డు మీద 40 బోర్డు పెడితే దాన్ని ఎవరూ నమ్మరు. బోర్డును నమ్మకపోవడం అలవాటైతే బడి ముందరి బోర్డును కూడా నమ్మరు. అసలు ప్రమాదం అది.

మనం చేయగలిగింది ఉంది. 215వ సెక్షన్ కింద ఏర్పాటయ్యే జిల్లా రోడ్డు భద్రతా కమిటీలు ఉన్నాయి. మీ ఊరి రోడ్డు మీద పరిమితి పెట్టిన గెజిట్ తేదీ ఏమిటి, అది ఏ కిలోమీటరు రాయి నుంచి ఏ రాయి వరకు, బోర్డులు ఎక్కడెక్కడ ఉన్నాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగండి. గ్రామసభలో ప్రమాదాలు జరిగిన మలుపుల జాబితా రాయించండి. రాష్ట్రంలోనో కేంద్రంలోనో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నపం ఇచ్చుకునే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం మనకు ఇచ్చింది. బడుల్లో తెలుగు కోసం చేసే విన్నపాల్లో మనం రాజ్యాంగాన్ని గుర్తు చేస్తూనే ఉంటాం. రోడ్డు కోసం ఎందుకు చేయకూడదు? అర్జీ తెలుగులో రాసి, రాష్ట్ర భాషలో ఒక ప్రతి జతచేస్తే పని ఇంకా త్వరగా కదులుతుంది.

వేగం తగ్గించమని అధికారులు మనల్ని అడుగుతున్నారు. ఎందుకు, ఎక్కడ, ఎంత అని మనం వాళ్లను అడగాలి. ఆ జవాబు వచ్చిన రోడ్డు మీద పరిమితిని ముందుగా పాటించేది మన ఊరి బండ్లే కావాలి.