చెమట సెన్సర్లు ముందు ఎండలోకి రావాలి

సూది గుచ్చకుండానే షుగర్ ఎంతుందో చెబుతామంటూ చేతి గడియారాలు, ఉంగరాలు అమ్మేవాళ్లు పెరిగిపోవడంతో 2024 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. చర్మాన్ని గుచ్చకుండా సొంతంగా రక్తంలోని గ్లూకోజ్‌ను కొలిచే ఏ స్మార్ట్‌వాచీకీ, ఏ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని నమ్మి ఇన్సులిన్ మోతాదు మార్చుకుంటే ప్రాణానికే ముప్పని చెప్పింది. భారత వైద్య పరిశోధన మండలి సాయంతో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. ఇంత మందికి నొప్పిలేని పరీక్ష దొరకాలన్న ఆశ న్యాయమైనదే. కానీ ఆ ఆశ చుట్టూ సాగుతున్న ప్రచారంలో, చెమట నిజంగా చెప్పగలిగిన సంగతి మరుగున పడుతోంది. ఆ సంగతి ఎక్కువగా అవసరమైనది మిట్టమధ్యాహ్నం ఎండలో పనిచేసేవారికి.

చెమటతో రోగాన్ని పట్టుకోవడం కొత్త విద్యేమీ కాదు. 1948 వేసవిలో న్యూయార్క్‌ను వడగాడ్పులు చుట్టుముట్టినప్పుడు, సొమ్మసిల్లి ఆస్పత్రికి వచ్చిన పిల్లల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఎందుకిలా అని ఆరా తీసిన పాల్ డి సాంటాగ్నీస్ అనే వైద్యుడి బృందం, వాళ్ల చెమటలో ఉప్పు మామూలు కంటే చాలా ఎక్కువని 1953లో తేల్చింది. స్వల్ప విద్యుత్తుతో చర్మంలోకి పైలోకార్పిన్ మందు పంపి చెమట పట్టించే పద్ధతిని 1959లో గిబ్సన్, కుక్ రూపొందించారు. చెమటలో క్లోరైడ్ లీటరుకు 60 మిల్లీమోల్స్, అంతకు మించి ఉంటే ఆ వ్యాధికి బలమైన రుజువు. నేటికీ అదే ప్రామాణిక పరీక్ష. కొలిచేదానికీ రోగానికీ మధ్య సంబంధం సూటిగా ఉండటమే దాని బలం.

ఆ పరీక్షశాలను ఒంటిమీదికి తెచ్చే ప్రయత్నాల్లో 2016 పెద్ద మలుపు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అలీ జావే, వెయ్ గావ్ బృందం గ్లూకోజ్, లాక్టేట్, సోడియం, పొటాషియంలను చర్మపు ఉష్ణోగ్రతతో పాటు ఒకేసారి కొలిచే పట్టీని తయారుచేసి ‘నేచర్’ పత్రికలో ప్రకటించింది. ఎంజైమ్ పూసిన ఎలక్ట్రోడ్ మీద గ్లూకోజ్, లాక్టేట్ చర్య జరిపితే సన్నని విద్యుత్ ప్రవాహం పుడుతుంది. సోడియం, పొటాషియం తమకు తగిన పొరను చేరితే వోల్టేజీ మారుతుంది. ఆ మార్పులే అంకెలై ఫోనుకు చేరతాయి. తర్వాత 2021లో గేటరేడ్ సంస్థ క్రీడాకారుల కోసం చెమట ప్యాచ్‌ను అమ్మకానికి తెచ్చింది.

ఇక్కడే శాస్త్రం గీసిన హద్దులను గౌరవించాలి. చెమటలో గ్లూకోజ్ రక్తంలో ఉన్నదానిలో దాదాపు నూరో వంతు మాత్రమే. చర్మం మీది మురికి, చెమట కారే వేగం, కాస్త ఆవిరి కావడం, వీటిలో ఏదైనా ఆ కొద్దిపాటి అంకెను తారుమారు చేయగలదు. లాక్టేట్‌లో ఎక్కువ భాగాన్ని స్వేదగ్రంథే తయారుచేస్తుంది కాబట్టి, అది కండరాల అలసటను నేరుగా చెప్పదు. కానీ ఒంట్లోంచి ఎంత నీరు, ఎంత ఉప్పు పోతున్నాయో చెప్పడానికి రక్తంతో పోలిక అవసరమే లేదు. పోతున్నది కళ్లెదుటే పోతోంది, దాన్ని కొలిస్తే చాలు. చెమట సెన్సర్‌కు నమ్మదగిన తొలి పని ఇదే.

ఈ పనికి తెలుగు నేల కంటే తగిన చోటు ఏముంది? 2015 మేలో దేశంలో 2 వేల మందికి పైగా వడదెబ్బకు చనిపోతే, వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాళ్లే. తీవ్రమైన ఎండలో బరువు పనిచేసే మనిషి గంటకు లీటరు దాకా, ఒక్కోసారి అంతకు మించి చెమట కోల్పోతాడు. ఉప్పు పోయినప్పుడు కేవలం మంచినీళ్లే అదేపనిగా తాగినా రక్తంలో సోడియం పడిపోయి ప్రమాదమే. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కుటుంబాలను మూత్రపిండాల జబ్బు దశాబ్దాలుగా పీడిస్తోంది. దాని మూలం ఇంకా తేలలేదు. అనుమానితుల జాబితాలో ఎండ, ఒంట్లో నీరు తగ్గిపోవడం కూడా ఉన్నాయి. ఎల్ సాల్వడార్, నికరాగ్వాల్లో చెరకు నరికే కూలీలను ఇలాంటి జబ్బే కబళిస్తుంటే, అక్కడ నీరు, నీడ, విరామం అనే మూడు సూత్రాలతో దాన్ని ఎదుర్కొంటున్నారు. పనివేళల్లో ఏ మనిషి ఎంత కోల్పోతున్నాడో రోజురోజుకూ నమోదైతే ఉద్దానం చిక్కుముడిలో కనీసం ఒక పోగైనా విడుతుంది.

అయితే ఎవరి ఒంటిని కొలమానంగా తీసుకుని ఈ పరికరాలు తయారవుతున్నాయన్నది ముఖ్యం. ఎండకు అలవాటుపడిన మనిషికి చెమట త్వరగా, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు మాత్రం తగ్గుతుంది. ప్రయోగశాలలో సైకిల్ తొక్కిన క్రీడాకారుల లెక్కలతో గీసిన హెచ్చరిక గీత, మిర్చియార్డు హమాలీకి అబద్ధం చెప్పొచ్చు. నల్లని చర్మం ఉన్నవారిలో పల్స్ ఆక్సీమీటర్లు ఆక్సిజన్ తగ్గుదలను ఎక్కువసార్లు పట్టుకోలేకపోతున్నాయని 2020లో అమెరికాలో వెలువడిన అధ్యయనం చూపింది. అదే తప్పు మళ్లీ జరగకూడదంటే పలాస తోటల్లో, గుంటూరు మిర్చియార్డులో, సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో, హైదరాబాద్ నిర్మాణ స్థలాల్లో, దుమ్మూ ధూళీ మధ్యనే ఈ సెన్సర్లను పరీక్షించాలి. ప్రభుత్వ పరిశోధన నిధులు అందుకు వెచ్చించాలి.

మరో భయం నిఘా. చర్మం నుంచి వెలువడే ఆల్కహాల్‌ను పసిగట్టే పట్టీలను అమెరికా కోర్టులు నిందితుల కాళ్లకు తొడిగిస్తున్నాయి. కూలీ చెమట లెక్క మేస్త్రీ ఫోనుకు చేరితే, ‘ఇతను త్వరగా అలసిపోతాడు’ అన్న మాట రేపటి పనిని పోగొడుతుంది. 2023 నాటి మన డేటా రక్షణ చట్టం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక శ్రేణిగా గుర్తించలేదు. అందుకే అంకె ముందుగా శ్రామికుడికే అందాలని, యాజమాన్యానికి పేర్లు లేని మొత్తం లెక్కలు మాత్రమే వెళ్లాలని, వాటి ఆధారంగా ఎవరినీ పనినుంచి తీసేయరాదని విడిగా నిబంధన రావాలి.

నీరు, నీడ కావాలని చెప్పడానికి సెన్సర్ ఎందుకని కొందరు అడుగుతారు. నిజమే, వాటికోసం ఒక్క రోజు కూడా ఆగనక్కర్లేదు. కానీ మోసిన బస్తాకింత, కోసిన కిలోకింత అని కూలి కట్టే చోట, విశ్రాంతి అంటే కూలి పోగొట్టుకోవడమే. దాహం వేస్తున్నా మనిషి ఆగడు. అలాంటి చోట సెన్సర్ ఇచ్చే హెచ్చరికకు విలువ రావాలంటే, ఆ హెచ్చరిక రాగానే కూలి తెగకుండా ఆగే హక్కు చట్టంలో ఉండాలి. ఉపాధి పనుల్లో, ప్రభుత్వ కాంట్రాక్టుల్లో ఈ షరతును రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ ముందుగా పెట్టి చూపాలి. విరామానికి డబ్బు కట్టే బాధ్యత తీసుకున్నాకే పరికరాలు కొనాలి.