పేట్లబుర్జులో గొళ్లెం ఉన్న ఒక గది కావాలి

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి శ్రీ దామోదర రాజనర్సింహ గారికి,

లాడ్ బజార్‌లో పెళ్లి గాజులూ సీమంతం గాజులూ ఒకే దుకాణంలో దొరుకుతాయి. ఈ రెండు కొనుగోళ్ల మధ్య ఎన్నాళ్లు గడిచాయన్నది మాత్రం చుట్టాలంతా లెక్కపెడతారు. ఏడాది దాటితే అత్తగారు అడుగుతుంది, రెండేళ్లయితే పక్కింటావిడ అడుగుతుంది. ఆ తర్వాత అడగడం మానేస్తారు, అది ఇంకా కష్టం.

ఈ లెక్కలో ఎప్పుడూ పట్టుబడేది ఆడమనిషే. తెలుగులో ఆమెకు ‘గొడ్రాలు’ అని పేరు పెట్టాం. గల్లీలో వినిపించే దక్కనీలో ఆమె ‘బాంఝ్’. అదే స్థితిలో ఉన్న మగవాడికి వాడుకలో మాటే లేదు. ఉన్నవల్లా తిట్లు. ‘నామర్ద్’ అంటారు, ఆ మాట వేరే సంగతిది. వీర్యకణాలు తక్కువున్న మనిషికి పడకగదిలో ఏ లోటూ లేకపోవచ్చు, గడ్డం దట్టంగా ఉండొచ్చు, గొంతు గంభీరంగా ఉండొచ్చు. సందేహం వచ్చినవాడు ముందుగా చూసేది గోడమీద ‘గుప్తరోగాల’ ప్రకటన కావడానికి, అక్కడ మగతనానికి మందు కొనుక్కుని రావడానికి కారణం ఈ గందరగోళమే. అతనికి ఉన్న జబ్బు ఒకటి, కొన్న మందు ఇంకొకదానికి.

పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందిలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటారు. అయినా ఆడవాళ్లకు స్కానింగులు, గొట్టాల పరీక్షలు, నెలనెలా మాత్రలు అన్నీ అయ్యాకగానీ భర్తగారి వంతు రాదు. ఆయన పరీక్షకు సూది అక్కర్లేదు, మత్తు అక్కర్లేదు. చిన్న ప్లాస్టిక్ డబ్బా చాలు.

మంత్రిగారు ఒకసారి లక్క గాజుల కారఖానాలోకి తొంగిచూస్తే బాగుంటుంది. 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, అందరం సంతోషించాం. ఆ గాజు తయారయ్యేది నిప్పుల దగ్గర. లక్కను వేడిచేసి, మెత్తగా ఉండగానే సాగదీసి, గుండ్రంగా చుట్టి, ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దుతారు. ఆ పనంతా సెగ పక్కన గంటల తరబడి కూర్చుని చేసేదే. వృషణాలు శరీరం బయట ఉండటానికి కారణం వేడే. అవి లోపలి వేడికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉంటేనే కణాల తయారీ సవ్యంగా సాగుతుంది. కొలిమి దగ్గర, పింగాణీ బట్టీల దగ్గర పనిచేసేవారిపై ఇతర దేశాల్లో పరిశోధకులు దృష్టిపెట్టింది అందుకే. భౌగోళిక గుర్తింపు గాజుకు ఇచ్చినట్టే, ఒక పరీక్ష ఆ గాజు చేసేవాడికీ ఇవ్వొచ్చు.

పని కారణంగా సంతానం దెబ్బతింటుందని లోకానికి గట్టిగా తెలిసింది కూడా డాక్టర్ల వల్ల కాదు, కార్మికుల కబుర్ల వల్ల. 1977లో కాలిఫోర్నియాలోని లాత్రోప్‌లో ఒక పురుగుమందుల ఫ్యాక్టరీ పనివాళ్లు, మనలో ఎవరికీ పిల్లలు పుట్టడం లేదేమిటని తమలో తామే మాట్లాడుకున్నారు. పరీక్షిస్తే చాలామందిలో కణాలు బాగా తగ్గిపోయి ఉన్నాయి, కొందరిలో అసలు లేవు. కారణం డీబీసీపీ అనే రసాయనం. మగవాళ్లు మగవాళ్లతో ఈ ముచ్చట మాట్లాడుకోవడం వల్ల బయటపడిన నిజం అది. మన ఇరానీ చాయ్ బల్లల మీద రాజకీయం నుంచి బిర్యానీ దాకా అన్నీ వస్తాయి, ఈ ఒక్క మాట తప్ప.

ఇంకో సంగతి. పాతబస్తీకి పహిల్వాన్ల సంప్రదాయం ఉంది, ఇప్పుడు వీధివీధినా జిమ్ ఉంది. పెళ్లినాటికి షేర్వానీ భుజాలు నిండాలని టెస్టోస్టిరాన్ సూదులు వేయించుకునే కుర్రాళ్లకు ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. బయటి నుంచి ఆ హార్మోన్ అందితే మెదడు లోపలి తయారీకి ఆదేశాలివ్వడం ఆపేస్తుంది, కణాలు పడిపోతాయి. కండ పెరిగేకొద్దీ కౌంట్ తగ్గుతుంది. మానేస్తే చాలామందిలో నెలల్లో తిరిగొస్తుంది.

అసలు కౌంట్ అంటే ఒకసారి చూసి తీర్పు చెప్పేది కాదు. ఒక కణం తయారవడానికి 70 రోజులకు పైగా పడుతుంది. దసరాకు వచ్చిన తీవ్రమైన జ్వరం జాడ డిసెంబర్ రిపోర్టులో కూడా కనబడవచ్చు. అందుకే కొంత వ్యవధితో రెండోసారి చూడాలంటారు. మిల్లీలీటరుకు 16 మిలియన్లు, అంటే కోటీ అరవై లక్షలు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన కింది హద్దు. దానికంటే తక్కువున్నా తండ్రులైనవారున్నారు, ఎక్కువున్నా కానివారున్నారు. వృషణాల దగ్గర సిరలు ఉబ్బే వేరికోసీల్ పిల్లలు కలగని మగవాళ్లలో నూటికి 35–40 మందిలో కనిపిస్తుంది. అవసరమైనచోట చిన్న ఆపరేషన్‌తో సరిచేయవచ్చు.

ఇక్కడే ప్రభుత్వానికి ఒక చిక్కు ఉంది, అది డబ్బు చిక్కు కాదు. బస్తీ దవాఖానాల్లో రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబ్‌కు పంపే ఏర్పాటు 2018 నుంచి నడుస్తోంది, బాగా నడుస్తోంది. వీర్యం అలా ప్రయాణం చేయలేదు. కణాల కదలికను గంటలోపే సూక్ష్మదర్శిని కింద చూడాలి. చార్మినార్ దగ్గర ట్రాఫిక్‌లో గంట అంటే ఏమిటో మంత్రిగారికి చెప్పనక్కర్లేదు. కాబట్టి శాంపిల్ ఇచ్చే గదీ, చూసే కళ్లూ ఒకే కప్పు కింద ఉండాలి. ఆ గదికి లోపలి నుంచి గొళ్లెం ఉండాలి. రోగులంతా వాడే మరుగుదొడ్డి వైపు వేలు చూపించి ‘అక్కడికెళ్లు’ అంటే సగం మంది అటునుంచి అటే ఇంటికి పోతారు.

శాస్త్రం కూడా ఈ ఊళ్లోనే ఉంది. హబ్సిగూడలోని సీసీఎంబీ పరిశోధన సంస్థలో డాక్టర్ కుమారసామి తంగరాజ్ బృందం ఈ సమస్య మీద ఎన్నో ఏళ్లుగా పనిచేస్తోంది. వీర్యకణాలు అసలే లేని 340 మంది భారతీయ పురుషుల్లో 8.5 శాతానికి వై క్రోమోజోమ్‌లో కొంత భాగం లేదని 2003లో చెప్పింది. 2022లో మరో ఎనిమిది జన్యువుల లోపాలను గుర్తించింది. ఇది పత్రికల్లో చదివి గర్వపడి ఊరుకునే విషయం కాదు. వై క్రోమోజోమ్‌లో ఏ ముక్క పోయిందో తెలిస్తే, ఆపరేషన్ చేసి కణాలు వెతకడంలో ఆశ ఉందో లేదో ముందే చెప్పొచ్చు. ‘ఎ’ లేదా ‘బి’ అనే భాగం పూర్తిగా పోతే వెతికినా దొరకడం దాదాపు అసాధ్యం, ‘సి’ పోతే ఆశ ఉంటుంది. ఆ ఒక్క రక్తపరీక్ష భార్య గాజులు కుదువపెట్టకుండా ఆపగలదు.

కుదువపెట్టినవారి డబ్బు ఎటు పోతుందో తెలిసిందే. ప్రైవేటు సంతాన కేంద్రాలనూ సరోగసీనీ అదుపు చేయడానికి 2021లో చట్టాలు వచ్చాయి. అయినా 2025లో సికింద్రాబాద్‌లోని ఒక ప్రైవేటు కేంద్రం మీద, సరోగసీ పేరుతో అప్పగించిన బిడ్డ డీఎన్‌ఏ తమతో కలవలేదని దంపతులు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. ఆయుష్మాన్ భారత్ సంతాన చికిత్సను తన పరిధిలోనే పెట్టుకోలేదు. గాంధీ ఆసుపత్రిలో 2023 అక్టోబరులో ఐవీఎఫ్ కేంద్రం ప్రారంభించారు, మంచి పని. కానీ ఐవీఎఫ్ పై మెట్టు. కింది మెట్టే లేకుండా పై మెట్టు కట్టాం.

అందుకే అడుగుతున్నది చిన్నది. పేట్లబుర్జు ప్రసూతి ఆసుపత్రిలో వారానికి రెండు సాయంత్రాలు మగవాళ్ల ఓపీ. శిక్షణ పొందిన ఒక టెక్నీషియన్, దక్కనీ కూడా మాట్లాడగల ఒక కౌన్సెలర్, సీసీఎంబీతో ఒక ఒప్పందం. పరీక్షకు ముందు రెండు నుంచి ఏడు రోజులు నియమంగా ఉండాలని చెప్పే కాగితం తెలుగులో, ఉర్దూలో. చీటీ మీద పేరు భార్యది కాకుండా అతనిదే ఉండాలి.

బోర్డు మీద ‘గుప్త’ అన్న మాట వద్దు, ‘మగతనం’ అసలే వద్దు. ‘పురుషుల సంతాన పరీక్షలు’ అని రాస్తే సరిపోతుంది. ఆ బోర్డు రోడ్డు వైపు కాకుండా లోపల మెట్ల దగ్గర పెట్టించండి. మొదటిరోజు వచ్చేవాడు ఆటో దిగి, అటూ ఇటూ చూసి, ఎవరికోసమో వచ్చినట్టు నడుచుకుంటూ లోపలికి రావాలి కదా.