యువరానర్, నేను రాలేను!

ఆ మధ్య ఒక శనివారం రాత్రి నాలుగు కుటుంబాలు మా ఇంటికి భోజనానికి వచ్చాయి. భోజనాలయ్యాక అందరం కూర్చుని, 2025లో వచ్చిన "కోర్ట్" సినిమా చూశాం. పేద కుర్రాడు పోక్సో కేసులో ఇరుక్కోవడం, అతని తరఫున ఒక జూనియర్ లాయరు నిలబడటం కథ. ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. మగవాళ్ళం కళ్ళజోళ్ళు తుడుచుకున్నాం. "ఆ కుర్రాడి మాట వినే నాథుడే లేకపోయాడు చూశారా!" అని ఇంజనీరు మిత్రుడొకాయన నిట్టూర్చాడు.

పది నిమిషాలు కాలేదు, ఆయనే జేబులోంచి ఒక కాగితం తీశాడు. కౌంటీ కోర్టు నుంచి వచ్చిన జ్యూరీ సమన్లు! "దీన్ని తప్పించుకునే దారేదైనా చెప్పండి డాక్టరుగారూ" అన్నాడు.

ఇంక చూడండి సలహాలు! ఇంగ్లీషు సరిగా రాదని రాయమన్నారొకరు (ఆ మిత్రుడు రోజూ పాతికమంది అమెరికన్లకు పని చెప్పే మేనేజరు). "పోలీసులు ఏం చెబితే అదే నిజమని నమ్ముతానని చెప్పండి, వెంటనే ఇంటికి పంపేస్తారు" అన్నారింకొకరు. ఇండియా ప్రయాణం ఉందని చెప్పమన్నారు మరొకరు. అందరం నవ్వుకున్నాం. నేనూ నవ్వాను. నవ్వడానికి నాకు హక్కుంది. సిటిజన్‌షిప్ వచ్చాక నాకు మొదటిసారి సమన్లు వచ్చినప్పుడు, నేను లేకపోతే రోగులకు దిక్కులేదన్నట్టు మా ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఉత్తరం రాసి తప్పించుకున్నాను. నిజానికి ఆ వారంలోనే రెండు రోజులు సెలవు పెట్టి గరాజ్ సర్దుకున్నాను.

అసలు కోర్టు సీనంటే మనవాళ్ళకున్నంత మోజు ఇంకెవరికైనా ఉందా అని నా అనుమానం. 1982లో వచ్చిన "బొబ్బిలిపులి", "జస్టిస్ చౌదరి" మొదలుకొని 2021 నాటి "వకీల్ సాబ్" దాకా మనం కోర్టు బోను చుట్టూ తిరుగుతూనే ఉన్నాం. మా పెదనాన్నగారు తెనాలిలో ఒక వకీలు దగ్గర గుమాస్తాగా చేసేవారు. దూరదర్శన్‌లో కోర్టు సీను వచ్చినప్పుడల్లా పడక్కుర్చీలోంచే "ఒరే, సినిమా కోర్టులో వాయిదా ఉండదురా!" అనేవారు. మన దేశంలో ఇప్పుడు అన్ని కోర్టులూ కలిపి 5 కోట్లకు పైగా కేసులు పెండింగులో ఉన్నాయి. వాయిదా లేని కోర్టు ఎంత కల్పనో ఆ గుమాస్తాగారికి బాగా తెలుసు. సినిమాలో సాక్షి భగవద్గీత మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తాడు. 1969 నాటి ప్రమాణాల చట్టం ప్రకారం ఏ గ్రంథం మీదా చెయ్యి వెయ్యనక్కరలేదు. దైవసాక్షిగా అనో, ఆత్మసాక్షిగా అనో చెబితే చాలు.

ఇవన్నీ చిన్న అబద్ధాలు. వీటివల్ల ఎవరికీ నష్టం లేదు. కోర్టు డ్రామా చెప్పే పెద్ద అబద్ధం ఇంకొకటుంది. చివరికి నిజం బయటపడి తీరుతుందని అది మనకు హామీ ఇస్తుంది. మన సినిమాలో ఆఖరి రీల్లో "ఆగండి!" అంటూ సాక్షి పరుగెత్తుకొస్తాడు. 1957 నుంచి 1966 దాకా సి.బి.ఎస్.లో వచ్చిన "పెర్రీ మేసన్"లోనైతే, లాయరు నాలుగు ప్రశ్నలు గుచ్చి అడిగేసరికి అసలు హంతకుడే కోర్టులో నేరం ఒప్పేసుకుంటాడు. ఇక ప్రేక్షకుడు చెయ్యవలసింది చప్పట్లు కొట్టడమే.

ఈ అలవాటులో అమెరికా ప్రేక్షకుడికీ మనకీ తేడా లేదు. కాని జ్యూరీ సంగతి వేరు. అది మన అనుభవంలో లేనిది. 1959లో బొంబాయిలో నానావతి అనే నౌకాదళ కమాండరు తన భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన కేసులో జ్యూరీ 8-1 తేడాతో నిర్దోషి అంది. హైకోర్టు దాన్ని తోసిపుచ్చి శిక్ష వేసింది, 1961లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. ఆ కేసుతో జ్యూరీ మీద ఉన్న కాస్త నమ్మకమూ సడలింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. విచిత్రమేమిటంటే, ఆ తరవాత 1986లో బాసు ఛటర్జీ "ఏక్ రుకా హువా ఫైస్లా" అని పూర్తిగా జ్యూరీ గదిలో నడిచే సినిమా హిందీలో తీశారు. దానికి మూలం 1957 నాటి అమెరికన్ సినిమా "ట్వెల్వ్ యాంగ్రీ మెన్". దాన్ని రాసిన రెజినాల్డ్ రోజ్ తాను స్వయంగా ఒక కేసులో జ్యూరీలో కూర్చున్న అనుభవంతోనే 1954లో మొదట టెలివిజన్ నాటకంగా రాశాడు. సమన్లు అందుకున్న ఒక మామూలు పౌరుడు వెళ్ళి కూర్చోబట్టే ఆ కథ పుట్టిందన్నమాట.

రెండోసారి సమన్లు వచ్చినప్పుడు సిగ్గుపడి వెళ్ళాను. ఎంపిక కూడా అయ్యాను. రాత్రిపూట ఒక దుకాణం తాళం పగలగొట్టాడని ఒక కుర్రాడి మీద కేసు. వయసు ఇరవై దాటి ఉంటుందేమో. కొత్త చొక్కా మడతలు కూడా విప్పకుండా తొడుక్కొచ్చాడు. వెనక బెంచీలో వాళ్ళమ్మ కూర్చుని ఉంది. రెండు రోజుల విచారణలో ఒక్కరూ గొంతు పెంచలేదు, ఒక్కరూ పరుగెత్తుకు రాలేదు. రోడ్డుకి అవతలి నుంచి చూశానన్న సాక్షి ఒకాయన, నాలుగు ఫోటోలు, అంతే.

జ్యూరీ గదిలోకి వెళ్ళగానే చేతులెత్తాం. పదిమంది దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. నేను పదిమందిలో ఒకణ్ణి. "ట్వెల్వ్ యాంగ్రీ మెన్" చూసినప్పుడల్లా నన్ను నేను ఒంటరిగా ఎదురు నిలిచిన హెన్రీ ఫాండాగా ఊహించుకునేవాణ్ణి. తీరా నా వంతు వచ్చేసరికి, బేస్‌బాల్ ఆట టికెట్లు జేబులో పెట్టుకుని తొందరపడే ఏడో జ్యూరరునయ్యాను. ఆ సాయంత్రం ఆరింటికి మన సంఘం ఉగాది నాటిక రిహార్సలుంది మరి. అందులో నాది జడ్జి వేషం!

కాదన్న ఇద్దరిలో ఒకావిడ స్కూలు బస్సు నడుపుతుంది. "ఆ వీధి దీపం సాక్షికి ముందు ఉందా, వెనక ఉందా? ఫోటో మళ్ళీ చూద్దాం" అంది. చూశాం. దీపం దుకాణానికి వెనకవైపుంది. నీడలో ఉన్న మొహాన్ని ఆ దూరం నుంచి గుర్తుపట్టగలరా? నాలుగు గంటలు మాట్లాడుకున్నాక పన్నెండుమందీ నిర్దోషి అన్నాం.

ఆ కుర్రాడు తాళం పగలగొట్టాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఏ సినిమా నాకు నేర్పనిది ఇదే. మా వృత్తిలో గుండెనొప్పితో వచ్చినవాడి మీద అనుమానముంటే వైద్యం మొదలుపెడతాం. కోర్టులో సమంజసమైన అనుమానం మిగిలితే వదిలెయ్యాలి. పాతికేళ్ళుగా అలవాటైన బుర్రని నాలుగు గంటల్లో తిరగేసుకోవలసి వచ్చింది. నాకు ఆ పాఠం చెప్పింది బస్సు నడిపే ఆవిడ. ఆవిడ కూడా ఏదో ఒక ఉత్తరం రాసి ఇంట్లో ఉండిపోయి ఉంటే?

2012లో ఒక తీర్పులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన లెక్క ప్రకారం, శిక్ష పడిన కేసుల్లో ఫెడరల్ కోర్టుల్లో 97 శాతం, రాష్ట్రాల్లో 94 శాతం ముద్దాయి నేరం ఒప్పుకోగా ముగిసినవే. టీవీలో రోజూ చూసే విచారణ నిజజీవితంలో అంత అరుదు. ఆ కాసిని కేసుల్లోనైనా పన్నెండు కుర్చీలు నిండటానికి మనుషులు కావాలి. పైగా, పెద్ద నేరాల్లో శిక్ష వెయ్యాలంటే ఏ రాష్ట్రంలోనైనా జ్యూరీ అంతా ఏకగ్రీవంగా ఉండి తీరాలని 2020లో అదే కోర్టు చెప్పింది. అంటే ఒక్క గొంతుకీ అంత విలువుంది.

మనం ఈ దేశంలో గుళ్ళు కట్టుకున్నాం, సంఘాలు పెట్టుకున్నాం, పిల్లల్ని పెద్ద కాలేజీల్లో చదివించుకుంటున్నాం. మంచిదే. కాని రేపు మన పిల్లవాడే ఆ కుర్చీలో, మడతలు విప్పని కొత్త చొక్కాతో కూర్చోవలసి వస్తే, ఎదురుగా ఉన్న పన్నెండుమందిలో మన మొహం ఒక్కటైనా ఉండాలని కోరుకోమా? లేకపోతే అది ఎవరి తప్పు?

మా ఇంజనీరు మిత్రుడు చివరికి వెళ్ళాడు. రోజంతా కూర్చోబెట్టి, ఎంపిక చెయ్యకుండా పంపించేశారట. "కాస్త నిరాశగానే ఉందండీ" అన్నాడు ఫోనులో. ఆ మాట నాకెంతో నచ్చింది. ఈసారి మీ పోస్టు డబ్బాలో ఆ కవరు కనిపిస్తే సలహాల కోసం నాకు మాత్రం ఫోన్ చెయ్యకండి. వెళ్ళి రండి.