ఇసుకలో పడుకున్న సొర

మదురైలో, కోయంబత్తూరు చుట్టుపక్కల తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాల వాకిట్లో సముద్రం లేదు. వంటింట్లో మాత్రం ఉంది. బాలింతకు పాలు పడతాయని సొర వండిపెట్టే అలవాటు తమిళనాటా ఉంది, మన కోస్తాలోనూ ఉంది. వాళ్ల సురా, మన సొర ఒకటే మాట. కాబట్టి మదురైకి దగ్గరి సముద్రమైన మన్నార్ సింధుశాఖ అడుగున ఏం జరుగుతోందో మనకూ పట్టాలి.

అక్కడ ఏం జరగవచ్చో చెప్పే చేప ఒకటి యూరప్‌లో ఉంది. ఏంజెల్ షార్క్. చూడ్డానికి టేకు చేపలా బల్లపరుపుగా ఉన్నా అది సొరే. టేకుకు రెక్కలు తలతో కలిసిపోతాయి, దీనికి విడిగా ఉంటాయి. నోరు మూతి కొసన తెరుచుకుంటుంది. పగలంతా ఒంటిమీద ఇసుక కప్పుకుని కదలకుండా పడుకుంటుంది. ఊపిరికి ఈదే పని లేదు, కళ్ల వెనకున్న రంధ్రాలు నీటిని లోపలికి లాగుతాయి. ఏ చేపైనా దగ్గరగా వచ్చిందా, చటుక్కున లేచి పట్టేస్తుంది. గుడ్లు తల్లి కడుపులోనే పొదగబడి 8 నుంచి 10 నెలలకు 7 నుంచి 25 పిల్లలు పుడతాయి.

అడుగును ఊడ్చుకుంటూ వచ్చే ట్రాల్ వలకు పడుకున్న చేపంత సులువైన చేప మరొకటి లేదు. వేలకొద్దీ గుడ్లు వదిలే కవళ్లు మళ్లీ పుంజుకుంటాయి, ఇది పుంజుకోలేదు. ఒకప్పుడు మామూలుగా పడిన ఉత్తర సముద్రంలో ఈ సొర తుడిచిపెట్టుకుపోయింది. మిగిలిన పెద్ద ఆశ్రయం కానరీ దీవులు. అక్కడ 2005 నుంచి అడుగు ట్రాలింగ్‌పై యూరోపియన్ యూనియన్ నిషేధం ఉంది. ఈ రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి.

మన జలాల్లో ఇలా బతికేవి గిటార్ చేపలు, వెడ్జ్ చేపలు. ఇవి టేకులకు చుట్టాలు, బతుకు మాత్రం అదే: ఇసుక నేల, తక్కువ లోతు, కొద్దిపాటి పిల్లలు. 1803లో అచ్చయిన ప్యాట్రిక్ రస్సెల్ విశాఖపట్నం చేపల పుస్తకంలో ఇవీ ఉన్నాయి, అదీ స్థానిక పేర్లతో. వీటి రెక్కలకు విదేశీ బజారులో పెద్ద ధర. వెడ్జ్ చేపలు, పెద్ద గిటార్ చేపలు కలిపి 16 జాతులను 2019లో అంచనా వేస్తే 15 అంతరించే అంచున తేలాయి.

చట్టం లేక కాదు. 2001లోనే ఒక వెడ్జ్ చేపను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. తీరా ఆ పేరున్న జాతి పశ్చిమ హిందూ మహాసముద్రానిదని, మన వలల్లో పడేవి దాని దగ్గరి చుట్టాలని శాస్త్రవేత్తలు తర్వాత తేల్చారు. 2022 సవరణ జాబితాను పెంచింది. కానీ ఒడ్డున అమ్మేవాణ్ని పట్టుకునే సరికి చేప చచ్చిపోయి ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజుల వేట విరామం మంచిదే, ఏళ్ల తరబడి ఎదిగే చేపకు అది చాలదు. మన్నార్‌లో 21 దీవుల జాతీయ పార్కు బయట ఉన్న ఇసుక నేలల్లో కొన్నిటినైనా ట్రాలర్లకు ఏడాది పొడవునా మూసివేయాలి. వేట తగ్గిన కుటుంబాలకు పరిహారం ప్రభుత్వం ఇవ్వాలి.

ఆలోగా పడవ మీద చేయగలిగింది ఒకటుంది. గిటార్, వెడ్జ్ చేపలు కూడా ఈదకుండానే ఊపిరి తీయగలవు కనుక, వెంటనే నీళ్లలోకి వదిలితే బతికే అవకాశం చాలా సొరల కంటే వీటికి ఎక్కువ.