పీఎస్ఏ మళ్లీ పెరిగితే...

ప్రొస్టేట్ క్యాన్సర్‌కి 'కరెంటు పెట్టించుకున్న' పెద్దాయన ఉన్న ఇంట్లో ఆర్నెల్లకోసారి వచ్చే పీఎస్ఏ రిపోర్టు నాలుగైదేళ్లు గడిచేసరికి ఓ అలవాటుగా మారిపోతుంది. 0.4, 0.5... చూసి బీరువాలో పెట్టెయ్యడమే. అలాంటిది ఓసారి 1.1 వస్తుంది. తర్వాత 1.9. ఆపైన 2.6. ఒంట్లో నొప్పి లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. అంకె మాత్రం ఎక్కుతోంది.

'ఇక ఇంజెక్షన్లే' అన్నమాట వినిపించేది ఈ దశలోనే. మగ హార్మోన్‌ని అణిచేసే ఆ మందులతో చాలామందికి పీఎస్ఏ దిగుతుంది, వ్యాధి ఏళ్ల తరబడి అదుపులో ఉంటుంది. కానీ అవి జబ్బుని వేళ్లతో సహా తీసెయ్యవు. పైగా ఒంట్లోంచి ఆవిర్లు, నీరసం, ఎముకలు గుల్లబారడం... ఆ బాధలు వేరు. క్యాన్సర్ ఇంకా ప్రొస్టేట్ గ్రంథి దాటకపోతే దాన్ని అక్కడే మరోసారి ఎదుర్కొనే అవకాశం ఉంది. అందుకున్న దారుల్లో ఒకటి బ్రాకీథెరపీ.

ముందు రెండు సంగతులు తేలాలి. ఒకటి, ఆ పెరుగుదల నిజమైనదేనా అన్నది. రేడియేషన్ అయ్యాక తొలి రెండు మూడేళ్లలో పీఎస్ఏ ఓసారి పైకి లేచి, దానంతటదే దిగిపోవడం మామూలే. అందుకే 2005లో అమెరికాలోని ఫీనిక్స్‌లో సమావేశమైన నిపుణులు ఓ లెక్క పెట్టారు. చికిత్స తర్వాత బాగా కిందికి దిగిన అంకె ఏదో చూసి దానికి 2 కలపాలి. 0.4కి దిగినవారికి 2.4 అన్నమాట. అక్కడికి చేరితే తిరగబెట్టినట్టు లెక్క.

రెండోది, ఎక్కడుంది? దీనికి ఎమ్మారై, పీఎస్ఎమ్ఏ పెట్ స్కాన్ సాయపడతాయి. ఎముకల్లోకో లింఫ్ గ్రంథుల్లోకో పాకి ఉంటే ప్రొస్టేట్ ఒక్కదానికే చికిత్స చేసి లాభం లేదు. లోపలే ఉందనిపిస్తే బయాప్సీతో నిర్ధారించుకోవాలి. రేడియేషన్ అయిన కొత్తలో తీసిన ముక్కలో చచ్చిపోతున్న కణాలూ కనిపించి తికమక పెడతాయి కాబట్టి, దానికీ రెండేళ్లయినా గడవాలంటారు.

మరి బయట్నుంచే మళ్లీ కరెంటు పెట్టెయ్యొచ్చుగా? ప్రొస్టేట్ పైన మూత్రాశయం, వెనక పురీషనాళం ఉంటాయి. మొదటిసారే అవి తట్టుకోగలిగినంత తిన్నాయి. అతి కచ్చితంగా గురిపెట్టే స్టీరియోటాక్టిక్ పద్ధతిలో కొన్నిచోట్ల చేస్తున్నారుగానీ, మామూలు పద్ధతిలో పనికిరాదు. బ్రాకీథెరపీలో రేడియేషన్ మూలాన్నే గ్రంథిలోకి పంపుతారు. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది కాబట్టి, పక్కవాటికి తగిలేది తక్కువ.

మత్తు ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ, వృషణాలకీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం గుండా సూదులు గుచ్చుతారు. ఒక పద్ధతిలో బియ్యపు గింజంతటి అయోడిన్-125 గింజల్ని లోపలే వదిలేస్తారు. వాటి శక్తి 60 రోజులకోసారి సగమవుతూ పోతుంది. మొదటి రెండు నెలలూ మనవల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దంటారు, తాతలకి అదే పెద్ద శిక్ష! ఈ గింజల్ని ముంబైలోని బార్క్ మన దగ్గరే తయారుచేసింది. రెండో పద్ధతిలో ఇరీడియం-192 సూదుల్లోకి వెళ్లి, కొన్ని నిమిషాలుండి వెనక్కి వచ్చేస్తుంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి వాడే యంత్రమే ఇదీ. అయితే యంత్రం ఉంటే చాలదు. ఒకసారి రేడియేషన్ పడ్డచోట మళ్లీ చెయ్యడంలో చెయ్యి తిరిగినవాళ్లుండాలి.

ఫలితాలెలా ఉంటాయి? ఉత్తర అమెరికాలో ఆర్‌టీఓజీ 0526 పేరిట 92 మందికి గింజలు పెట్టి గమనించారు. అందరికీ మొదటి రేడియేషన్ అయ్యి రెండున్నరేళ్లు దాటింది. పదేళ్లలో గ్రంథిలోనే జబ్బు మళ్లీ కనిపించింది 5 శాతం మందికే. పీఎస్ఏ మాత్రం 46 శాతం మందిలో మళ్లీ ఎక్కింది. అంటే గింజలు పెట్టినచోట పనిచేశాయి, కొందరిలో జబ్బు అప్పటికే బయట ఉండి ఉంటుంది. అందుకే స్కాన్‌కి అంత ప్రాధాన్యం. అప్పట్లో ఈ పెట్ స్కాన్ లేదు మరి.

దీనికి చెల్లించే మూల్యం కూడా తక్కువేం కాదు. అదే పరిశీలనలో 14 శాతం మందికి మూత్రానికో మలద్వారానికో సంబంధించిన తీవ్రమైన ఇబ్బందులు ఆలస్యంగా బయటపడ్డాయి. మూత్రనాళం సన్నబడటం, రక్తం పడటం, ఎక్కడో ఒకరికి పురీషనాళానికి రంధ్రం పడటం బ్రాకీథెరపీలో ఉన్న భయాలు. అంగస్తంభన దెబ్బతినొచ్చు. ఇప్పటికే మూత్రానికి అవస్థ పడుతున్నవారికి ఇది తగకపోవచ్చు. ఎనభై దాటి, పీఎస్ఏ నత్తనడకన పెరుగుతున్నవారికైతే ఏమీ చెయ్యకుండా గమనించడమూ వైద్యమే. ఆపరేషన్, క్రయోథెరపీ, హైఫూ కూడా ఉన్నాయి. 2021లో 150 అధ్యయనాల్ని కలిపి చూస్తే ఐదేళ్ల ఫలితాల్లో పెద్ద తేడా కనబడలేదు. తీవ్రమైన మూత్ర సమస్యలు మాత్రం ఆపరేషన్, హైఫూల్లో 20 శాతం దాటితే, మళ్లీ రేడియేషన్ ఇచ్చినవారిలో పది శాతంలోపే.

గింజలు పెట్టించుకున్నాక మలంలో రక్తం పడి మరో డాక్టర్ దగ్గరికెళ్తే, పాత చికిత్సల సంగతి ముందే చెప్పాలి. తెలియక పురీషనాళం ముందుగోడ నుంచి ముక్క తీస్తే ఆ పుండు మానకుండా రంధ్రమయ్యే ప్రమాదముంది. రెండు రేడియేషన్ల వివరాలూ ఓ కాగితం మీద రాయించి, రిపోర్టుల ఫైల్లో పైనే పెట్టుకోవాలి.