చారిత్రక కల్పనకు హద్దు లేదా?

కవి చరిత్రకారుడు కాడు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమునందు రసమున కనుకూలింపని కథాంశమును విడిచి, కవి వేఱొకదానిని కల్పింపవచ్చునని యనుజ్ఞ యిచ్చెను. కాని రామాయణాదులవలె ప్రసిద్ధములైన కథలయందు రసవిరుద్ధమగు స్వేచ్ఛ కూడదనియు నాతడే శాసించెను. స్వాతంత్ర్య సమరగాథలు నేడు మనకట్టి ప్రసిద్ధ కథలే. వానిని నవలలుగను చలనచిత్రములుగను మలచువారు మొదటి మాటను పట్టుకొని రెండవదానిని మఱచుచున్నారని మా యభిప్రాయము.

2022 మార్చిలో విడుదలయై దేశదేశములందు కీర్తిగొన్న ‘ఆర్.ఆర్.ఆర్.’ చిత్రమును జూడుడు. అందు అల్లూరి సీతారామరాజును, గోండువీరుడు కొమురం భీమును ఢిల్లీ నగరమున మిత్రులను గావించిరి. రాజు 1924లో మన్యమునందును, భీము 1940లో జోడేఘాటునందును వీరమరణ మొందిరి. వారు కలసికొనినట్లు చరిత్ర చెప్పదు. ఇది కల్పనయని దర్శకుడు ముందే ప్రకటించెను గనుక ఆ మైత్రినిగూర్చి మాకు పేచీ లేదు. మా పేచీ వేఱొకటి. ఆ చిత్రమున రామరాజు తన యూరివారికి తుపాకులు సంపాదించుటకై ఆంగ్లేయుల పోలీసు కొలువున చేరును. చరిత్రలోని రాజు వానిని సంపాదించిన విధమేది? 1922 ఆగష్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై మన్యపు వీరులతో గూడి దాడిచేసి, 26 తుపాకులను, 2,500కు పైగా తూటాలను గైకొనెను. తీసికొనిన వానికి లెక్కవ్రాసి సంతకము చేసెను. ఇంతకంటె రసవంతమైన ఘట్టమును ఏ కవి కల్పింపగలడు?

అంతకంటె పెద్దలోపము, తిరుగుబాటునకు మూలమైన కారణము మఱుగుపడుట. 1882 నాటి చెన్నపట్టణపు అటవీశాసనము కొండవారి పోడుసాగును అరికట్టెను. గూడెం డిప్యూటీ తహశ్శీలుదారు బాస్టియను కూలి సరిగా నీయకయే వారిచే కొండబాటలు వేయించెను. ముఠాదారుల పూర్వపు హక్కులు సన్నగిల్లెను. పొలము గట్టు విలువ నెఱిగిన మన చదువరులకు, తాత దున్నిన నేలపై కాలిడుటయే నేరమనుట యెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేటి గూడెం కొత్తవీధి మండలములోని దామనపల్లి కడ 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డు, హైటరు అను ఆంగ్ల అధికారులు హతులైరి. ఆ జయము ఒక్క రాజుది కాదు. ప్రతి కొండదారిని ఎఱిగిన గిరిజనులది. రాజు 1924 మే 7న కాల్పబడిన పిమ్మట, మరుసటి నెలలోనే గాం గంటందొర పోలీసు తూటాలకు బలియయ్యెను. అతని తమ్ముడు మల్లుదొర చెఱసాల ననుభవించి, 1952లో లోకసభ సభ్యుడయ్యెను. వీరి పేర్లు మన పట్టణములలో నెందఱెఱుగుదురు?

ఈ దోషము మన యొక్కరిదే కాదు. అమెరికాలో నీగ్రోల పౌరహక్కుల పోరాటకాలమున, 1964లో, మిసిసిపీ రాష్ట్రమందు ముగ్గురు కార్యకర్తలు హత్యగావింపబడిరి. 1988లో ఆ యుదంతమును ‘మిసిసిపీ బర్నింగ్’ అను పేర చిత్రముగా తీసినవారు శ్వేతజాతీయులైన సమాఖ్య పోలీసులను నాయకులుగా నిలిపి, ప్రాణములొడ్డి పోరాడిన నల్లవారిని మూగప్రేక్షకులను గావించిరి. మార్టిన్ లూథర్ కింగు సతీమణియే దానిని నిరసించెను.

చిత్రము వినోదమునకే గదా, చరిత్ర కావలయునన్న పుస్తకములు లేవా యని కొంద ఱందురు. మన్యపు పోరాటమునుగూర్చిన నాటి కాగితములు చాలవఱకు దొరతనమువారు వ్రాసికొనినవే. కొండవారు తమ కథను కాగితమున కెక్కించుకొనలేదు. అట్టివారి కథను తెరపై తాఱుమాఱు చేసిన, దానిని దిద్దుటకు వారిచేత నేమున్నది?

కావున రచయితలకు మా విన్నప మిది. చరిత్ర మౌనముగా నున్న చోట స్వేచ్ఛగా కల్పింపుడు. అది స్పష్టముగా పలికిన చోట దానిని త్రోసిపుచ్చకుడు. నాయకుని యెంత ఎత్తున నిలిపినను నిలుపుడు. కాని అతని వెంట నడచినవారిని, వారు పోరాడిన కారణమును తుడిచివేయకుడు. అట్లు తుడుచుట వారి నేలను రెండవమాఱు హరించుటయే యగును.